పొగ లేవని ఉదయం

తమ్జిల్ అనే కొండ ఊళ్ళో పొగలు లెక్కపెట్టే పని తాతల నాటి నుంచి బాస్సు ఇంటివాళ్ళదే. ఏడాదికి మూడుసార్లు ఊరి సభ కూడుతుంది. ఆ పొద్దున రొట్టెలు కాల్చే వేళకి బాస్సు పాత గాదె మిద్దె మీదికెక్కి, ఏ ఏ ఇళ్ళ పొయ్యిలు వెలిగాయో చూసి వస్తాడు. పొగ లేచిన ఇంటికి సభలో ఒక మాట. పొగ లేని ఇల్లు ఉన్నా లేనట్టే. సగం పొయ్యిలైనా వెలగని రోజు సభ జరగకూడదన్నది కట్టుబాటు గానీ, అలాంటి రోజొకటి వస్తుందని ఆ కట్టుబాటు పెట్టినవాళ్ళే అనుకుని ఉండరు. "నలభై రెండు పొగలు, నలభై రెండు మాటలు!" అని బాస్సు కేకేస్తే, మగవాళ్ళు కళ్ళం గట్టున కూర్చుని మాటలు మొదలుపెట్టేవారు.

నిజానికి పొగలు నలభై మూడు. లెక్కలోకి రాని ఆ ఒక్కటీ అతని వదిన తూదాది.

తూదా పద్నాలుగో ఏట పై కొండ నుంచి ఆ ఊరికి కోడలై వచ్చింది. బాస్సు అన్న సయీద్ ఆమె మొగుడు. అక్రోటు చెట్టెక్కి కాయలు దులుపుతుంటే కొమ్మ విరిగి కిందపడి చనిపోయాడు. అప్పటికి తూదాకి ముప్పై నిండలేదు, ఇద్దరు ఆడపిల్లలు. ఏటా ఏటి కాలువ పూడిక తియ్యడానికి పొయ్యికొక మనిషి రావాలన్నది ఊరి నియమం. ఆ నియమం దగ్గర తూదా పొయ్యిని ఎవరూ మర్చిపోలేదు. ఇంట్లో మగదిక్కు లేదు కదా, తనే పార భుజాన వేసుకుని వెళ్ళింది. మొదటి ఏడు మగవాళ్ళు నవ్వారు. రెండో ఏడు ఆమె తవ్విన మేర చూసి నవ్వు మానేశారు.

"కాలువ తవ్వేటప్పుడు నా పొయ్యి కనపడుద్ది, సభప్పుడు కనపడదా మరిదీ? ఆ కళ్ళు ఓసారి చూపించుకోరాదూ?" అనేది బాస్సుతో.

"నన్నేం చెయ్యమంటావు వదినా? మగమనిషున్న పొయ్యినే లెక్కెయ్యమన్నాడు మా తాత."

"మీ తాత ఏనాడన్నా రొట్టె కాల్చాడా? పొయ్యి ముందర ఎవరుంటారో ఆయనకేం తెలుసు!"

బాస్సుకి నవ్వొచ్చేది. వదిన నోటికి లోయలో ఎదురు లేదని లోలోపల కాస్త గర్వం కూడా. గర్వం గర్వమే, లెక్క లెక్కే. మిద్దె దిగి నలభై రెండనే చెప్పేవాడు.

పొలాలకి ఏటి కాలువ ఉంది గానీ, తాగే నీళ్ళకి ఊరంతటికీ ఒకటే ఊట. ఆడవాళ్ళు ధార కింద కడవ పెట్టి, అది నిండేదాకా పెళ్ళికూతురి పాట పాడుకుంటారు. తూదా కాపురానికొచ్చిన కొత్తలో రెండో చరణం ఎత్తుకునేలోపే కడవ పొర్లేది. ఏడేళ్ళ నుంచీ ఆలస్యమవుతూ వచ్చింది. ఇప్పుడు పాటంతా అయిపోయినా నీళ్ళు కడవ మెడదాకా రావడం లేదు. ఊట సన్నగిల్లుతోందని ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు. ఒక్క మగవాడికీ తెలియదు. బుద్ధెరిగాక వాళ్ళలో ఎవడూ ఒక్క కడవ నింపిన పాపాన పోలేదు మరి.

అలాంటప్పుడు పట్నం నుంచి సీ ద్రిస్ అనే ఆపిల్ తోటల ఆసామి దిగాడు. ఊటకి ఎగువన ఊరుమ్మడి బంజరుంది. అక్కడ లోతు బావి తవ్వి మోటారు పెట్టుకుంటానన్నాడు. ఊరు ఒప్పుకుంటే మసీదుకి కొత్త కప్పు వేయిస్తానన్నాడు. మగవాళ్ళు మెత్తబడ్డారు. రాబోయే సభలో తేల్చాలనుకున్నారు.

తూదా బాస్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఊట చస్తోంది మరిదీ. పాటంతా పాడినా కడవ నిండట్లేదు. ఆ బావి పడిందంటే మన కడవలు బోర్లించుకోవడమే."

"మీ ఆడాళ్ళు కబుర్ల ఆత్రంలో పాట గబగబా పాడేస్తన్నారేమో చూసుకోండి" అన్నాడు బాస్సు. మళ్ళీ వచ్చి చెప్పింది. మూడోసారీ చెప్పింది. అతను టీ తాగుతూ ఊఁ కొట్టాడు.

ఊరిపెద్ద జాయిద్ దగ్గరికి వెళ్తే ఆయన మర్యాదగానే చెప్పాడు. "ఆడాళ్ళ మాట మొగుళ్ళకి చెప్తే, మొగుళ్ళు సభకి తెస్తారమ్మా. మన పద్ధతి తెలీందేముంది?"

తూదా ఆ పద్ధతీ పాటించింది. ఇంటింటికీ తిరిగి, పెళ్ళాలందరితో మొగుళ్ళకి చెప్పించింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

సభ రోజు వచ్చింది. చలి ముదిరిన పొద్దు, గాలి లేదు, ఆకాశం కడిగినట్టుంది. పొగలు లెక్కపెట్టడానికి అంతకంటే మంచి రోజుండదనుకుంటూ బాస్సు మిద్దె ఎక్కాడు. చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

ఎక్కడా పొగ లేదు.

ఊరికి ఏదైనా చావో తెగులో వచ్చిందేమోనని వంగి చూశాడు. కింద కోళ్ళు తిరుగుతున్నాయి, మేకలు అరుస్తున్నాయి, నలభై మూడు కప్పుల మీద మాత్రం ఒక్క పొగ లేదు. తన ఇంటి వైపు చూశాడు. ఇందాక తను గడప దాటేటప్పుడు భార్య ఇజ్జా పిండి పిసుకుతూనే ఉంది. అక్కడా లేదు. అప్పుడు తెలిసొచ్చింది బాస్సుకి. ఇది వదిన పనే. ఆ ఊళ్ళో ఒకరి మొహం ఒకరు చూసుకోని తోడికోడళ్ళున్నారు. మొగుడు దగ్గితే వణికే ఆడవాళ్ళున్నారు. వదిన వాళ్ళందరినీ ఎప్పుడు కలిసింది, ఎలా ఒప్పించింది? తన తాత, తండ్రి, తను ఇన్నేళ్ళూ లెక్కపెట్టింది ఎవరి చేతి పొగలో బాస్సుకి ఆ క్షణంలోగాని తట్టలేదు. మెల్లిగా మిద్దె దిగాడు.

కళ్ళం దగ్గర మగవాళ్ళు రొట్టె లేక, టీ లేక మొహాలు వేలాడేసుకుని ఉన్నారు. సీ ద్రిస్ అప్పటికే కాగితం పట్టుకుని కూర్చున్నాడు.

"ఎన్నయ్యా?" అన్నాడు జాయిద్. బాస్సు తల అడ్డంగా ఊపేసరికి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నలభై రెండని చెప్పెయ్యి. మళ్ళీ ఎక్కి చూసొచ్చేవాడెవడు?"

బాస్సు ఇంట్లో మూడు తరాలుగా తప్పు లెక్క చెప్పినవాడు లేడు.

"ఒక్కటీ లేదు," అన్నాడు గట్టిగా. "సభ లేదు."

గగ్గోలు లేచింది. అంతలో ఊట దారిలోంచి తూదా వచ్చింది. వెనక ఊరి ఆడవాళ్ళంతా కడవలతో నిలబడ్డారు.

"జాయిద్ మామా," అంది తూదా. "సభలో మాకు మాట ఇవ్వకపోతే మానె. ఊట దాకా వచ్చి ఒక్క కడవ నింపు. చాలు."

కొట్టి పారేద్దామంటే ఆకలి మీదున్న ఊరంతా చూస్తోంది. జాయిద్ లేచాడు, అందరూ వెనక నడిచారు. ఆయన వంగి ధార కింద కడవ పట్టుకున్నాడు. తూదా పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ పాట మగవాళ్ళందరూ తమ పెళ్ళిళ్ళలో, పెళ్ళికూతురు ఊట దగ్గర తొలి కడవ నింపేటప్పుడు విన్నదే. రెండో చరణం దగ్గర కడవ పొర్లాలి, పెళ్ళికూతురు తడవాలి, అందరూ నవ్వాలి. రెండో చరణం వచ్చింది. పొర్లలేదు. మూడోది అయింది. పాట మొత్తం అయిపోయింది. చన్నీళ్ళకి జాయిద్ వేళ్ళు ఎర్రబడ్డాయి. కడవ ఇంకా వెలితిగానే ఉంది.

జాయిద్ కడవలోకి తొంగి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా?" అన్నాడు జాయిద్.

"ఏడేళ్ళు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

తూదా మరిది వైపు చూసింది. బాస్సే తల వంచుకుని ముందుకొచ్చాడు.

"నాకు చెప్పింది. మూడుసార్లు."

వెనక నుంచి ఇంకొకడు, "మా ఇంట్లోనూ చెప్పింది" అన్నాడు. "మా ఆవిడా చెప్పింది." "మా అమ్మ చెప్పింది." అలా ఒక్కొక్కరే, నేల చూపులు చూస్తూ, ఊరంతా ఒప్పుకుంది. చిట్టచివర జాయిద్, "మా ఇంట్లోనూ," అన్నాడు.

సీ ద్రిస్ కాగితం విప్పబోయాడు. జాయిద్ తల కూడా తిప్పకుండా, "నీ బావి ఇక్కడ పడదు సీ ద్రిస్. పోయిరా" అన్నాడు. అతను వెళ్ళిపోతుంటే సాగనంపడానికి ఒక్కరూ కదల్లేదు.

"ఇప్పుడేం చేద్దామంటావు, తూదా?" అని అడిగాడు జాయిద్. ఆ ఊరి పెద్ద ఒక ఆడదాన్ని అందరి ముందూ ఆ మాట అడగడం బాస్సు ఎన్నడూ వినలేదు.

"చెప్తా మామా. ముందు ఆ కడవ నిండనియ్యి."

జాయిద్ కడవ దించలేదు. నలభై ఇద్దరు మగవాళ్ళూ ఆకలి కడుపులతో, చలిలో, నోరు మెదపకుండా నిలబడ్డారు, అది నిండేదాకా.