మంట వేరు, బలం వేరు

"డోలోన్ కనుమ మలుపులో ఆయనకి కళ్లు తిరిగితే? వెనక సీట్లలో అంతమంది, ముందు లోయ!"

ఆ చలికాలమంతా పాపకి పాలు పడుతూ నేను భయపడింది దీని గురించే. మా ఆయన ఎసెన్‌బెక్ బిష్కెక్ నుంచి ఆ కనుమ మీదుగా నారిన్‌కి మినీబస్సు నడుపుతాడు. సైన్యంలో ఉన్నప్పటి నుంచి కింది పెదవి లోపల నాస్ ఉండాల్సిందే. పొగాకు, సున్నం, బూడిద కలిపి చేసే ఆకుపచ్చ గింజలవి. పళ్ల డాక్టరు పెదవి మడిచి చూసి, తెల్లమచ్చ ఉందనీ, నాస్ వెంటనే మానెయ్యాలనీ, మచ్చ తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలనీ అన్నాడు. ఎసెన్ అటునుంచి అటే వెళ్లి, నికోటిన్ ద్రవాన్ని ఆవిరిగా పీల్చే వేప్ కొనుక్కున్నాడు. యాభై బలం ఉన్నది, అంటే మిల్లీలీటరుకి యాభై మిల్లీగ్రాముల నికోటిన్. కారణం, ఆ దుకాణంలో అంతకు మించింది లేకపోవడం.

వారం తిరగకుండానే దారిలో కోచ్కోర్ దగ్గర బండి ఆపి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. ఇంటికొచ్చి, "ఆ హోటల్లో తిన్న లగ్మాన్ నూడుల్స్ పాచిపోయాయి" అన్నాడు. నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని. లగ్మాన్ మీద నాకు అనుమానం రాలేదు, వేప్ మీదే వచ్చింది. మళ్లీ బండి తీసే రోజున పాపని చంకనేసుకుని ఆయన వెంట బస్టాండుకి వెళ్లి, సాల్కిన్ అక్క కొట్టు ముందు కూర్చోబెట్టాను.

నారిన్ బళ్ల వరస చివర ఆమె కొట్టు. ఒకప్పుడు అన్నతో కలిసి అక్కడే నాస్ అమ్మేది. అన్నకి దవడలో కాన్సర్ వచ్చింది. ఆయన పోయాక, సున్నం వాసన వదిలేదాకా అరలన్నీ వేడినీళ్లతో కడిగింది. మళ్లీ నాస్ ముట్టలేదు. వేప్‌లు పెట్టింది. "ఒక విషం తీసేసి తియ్యటి విషం పెట్టావు కదక్కా" అని డ్రైవర్లు ఏడిపిస్తే, "విషమే. అందుకే కొలిచి ఇస్తున్నా. మీ చిటికెలు ఎప్పుడైనా కొలిచారా?" అనేది. పొగాకు అలవాటు లేనివాళ్లు సరదాకి అడిగితే, "లేని రోగాన్ని కొనుక్కుంటారా?" అని పంపేసేది. అలా పంపేసేవాళ్లను ఇంకెక్కడా చూడలేదు నేను.

నాస్ నుంచి వేప్‌కి మారే కొత్తవాళ్లకి ఆమె పద్ధతి ఒకటుంది. నోట్లో నాస్ ఊసి పుక్కిలించాలి. రొట్టె ముక్క తినాలి. తక్కువ బలమున్నది ఒక్క దమ్ము. వెంటనే గిన్నె నిండా టీ. మాలో అతిథికి టీ కొంచెం కొంచెమే పోస్తాం. నిండా పోస్తే తాగి వెళ్లిపొమ్మని అర్థం.

వేప్ కొన్నా ఎసెన్ పెదవి కింద నాస్ అలాగే ఉంది. గిన్నె చూసి ముఖం చిట్లించాడు. "ఏంటక్కా, రాగానే పొమ్మంటున్నావు?"

"పొమ్మనట్లేదు తమ్ముడూ. ఇది చల్లారి, నువ్వు తాగేదాకా రెండో దమ్ము లేదంటున్నా. ముందా నాస్ ఊసెయ్."

పక్క బండి డ్రైవరు కుబాత్ పగలబడి నవ్వాడు. "ఒరేయ్ ఎసెన్, పాప పాలసీసా అడుగు. నీకదే చాలు."

ఎసెన్‌కి రోషమొచ్చింది. నాస్ ఊయకుండానే జేబులోని యాభై తీసి వరసగా లాగాడు. "చూడండి, గొంతులో గీరనైనా లేదు. నాస్ వేస్తే పెదవి భగ్గుమంటుంది. దీంట్లో ఏముంది, ఉత్త ఆవిరి!"

అంతలో నారిన్ బండి వంతు పిలిచారు. ఎసెన్ లేచాడు. సాల్కిన్ అక్క అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"చెమట పట్టి చెయ్యి మంచుగడ్డలా ఉంది, నీకు మోతాదు ఎక్కువైంది. కూర్చో."

"వంతు పోతుందక్కా!"

"పోనీ. కుబాత్, ఈ వంతు నీది. పో."

వంతు వదులుకోవడం మా డ్రైవర్లకి పరువు తక్కువ. "నా బండి ఆపడానికి నువ్వెవరు?" అని ఎసెన్ అరిచి, చెయ్యి విదిలించుకుని బండి వైపు నడిచాడు. తలుపు దాకా వెళ్లాడో లేదో ముఖం తెల్లగా పాలిపోయింది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె పరుగున వెళ్లి నాస్ ఊయించింది, మెడ దగ్గర గుండీలు విప్పింది. కుబాత్ నవ్వడం మానేసి ప్రయాణికుల్ని తన బండిలోకి ఎక్కించుకున్నాడు.

ఎసెన్ తేరుకున్నాక నాకు తెలిసింది చెప్పాను. నాస్‌లో మంట సున్నానిది. వేప్ ద్రవంలో నికోటిన్‌కి ఆమ్లం కలుపుతారు, అందుకే గొంతు గీరదు. అంతేగానీ బలం తక్కువై కాదు.

సాల్కిన్ అక్క కళ్లు మెరిశాయి. "అదా సంగతి! అమ్మాయ్, బాగా చెప్పావు. వీళ్లకి గట్టిగా చెప్పు" అంది. నేను పూర్తి చేసేలోపే తనే అందుకుంది. "విన్నారా? మంట వేరు, బలం వేరు. పెదవి కింద పెట్టింది నడిచొస్తుంది. పీల్చింది గుర్రమెక్కి వస్తుంది. ఒకడికి సరిపోయింది ఇంకొకడికి సరిపోదు. నిన్న సరిపోయింది, నిద్ర చాలకపోతే ఇవాళ నీకే సరిపోదు."

ఎసెన్‌ని ఇరవైకి దించింది. కొన్నాళ్లకి అంతకంటే కిందికి. నాస్ మానేశాక మచ్చ పలచబడింది, డాక్టరు ఇంకా చూస్తూనే ఉన్నాడు. వేప్ పూర్తిగా పోలేదు. ఆ సీసా పాపకి అందకుండా తాళం పెట్టెలో దాస్తాను.

"ఎన్నిసార్లు లాగావని రోజూ అడుగుతున్నానక్కా, నిజం చెప్పడు" అని ఒకసారి ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి చెప్పిన మాటే ఇప్పుడు ప్రతి ప్రయాణానికీ ముందు పాటిస్తున్నాను.

"అడగకు. అడిగితే తగ్గించి చెబుతాడు. బండి తాళాలు నీ దగ్గరే ఉంచుకో. బయల్దేరేటప్పుడు నువ్వే చేతిలో పెట్టు, ఆ చెయ్యి కాసేపు పట్టుకో. వెచ్చగా ఉందా, పంపించు. తడిగా, చల్లగా ఉందా, వంతు పోతే పోయిందను."