మిసెస్ లిన్ నాడి చూసిన చేయి

ఆ రోజు పొద్దున పార్కింగ్‌లో కారు తాళం తిప్పలేకపోయాను. వేళ్ళు వంగనన్నాయి. అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లో కారు కదలకపోతే పాలు కూడా దొరకవు. రెండు చేతులతో తాళం పట్టుకుని తిప్పి ఆఫీస్‌కి వెళ్ళాను. చలికి పట్టేసిందనుకున్నాను.

వారాలు గడిచినా తగ్గలేదు. హెచ్‌వన్‌బీ వీసా మీద కాంట్రాక్టర్‌ని, అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే. ఈ వేళ్ళు టైప్ చేస్తేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే వీసా. అందుకే ఎవరికీ చెప్పలేదు. మనవాళ్ళు తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒకరి చెవిన వేస్తే, పులిహోర గిన్నె ఖాళీ అయ్యేలోపు ఊరంతా తెలుస్తుంది.

చివరికి కీళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే, రక్తపరీక్షల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్ వచ్చాయి. "రుమటాయిడ్ ఆర్థరైటిస్. పూర్తిగా పోదు, కంట్రోల్ చేద్దాం," అన్నారు ఆ రుమటాలజిస్ట్. కీళ్ళవాతమన్నమాట. వారానికోసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. వేసుకున్న మర్నాడల్లా కడుపులో తిప్పేది. వాపు సగమే తగ్గింది. "గివ్ ఇట్ టైమ్," అన్నారాయన. టైమ్‌కేం, నా దగ్గర బోలెడుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీస్‌లో "బై" అన్నాక సోమవారం దాకా నా గొంతు నాకే వినిపించేది కాదు.

అరగంట డ్రైవ్ దూరంలో మిసెస్ లిన్ అనే పెద్దావిడ సూదులు గుచ్చి, మూలికలిచ్చి చైనా వైద్యం చేస్తారని విని వెళ్ళాను. ఆవిడ నా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నాడి చూశారు. ఆ చేయి అయ్యాక ఈ చేయి.

"నీతో కలిసి భోంచేసేది ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"ఎవరూ లేరు," అన్నాను.

ఆవిడ చేయి వదల్లేదు. ఇంకా సూది గుచ్చకుండానే నాకు ఏడుపొచ్చింది.

ఇంగ్లీషు మందులేమైనా వాడుతున్నావా అంటే లేదన్నాను. అవి వాడుతున్నామంటే మా వైపు నాటువైద్యులు మందివ్వరు. ఈవిడా పంపించేస్తారని భయం. వేర్లూ బెరడులూ కలిపిన పొట్లాలిచ్చి, మరిగించి తాగమన్నారు. చల్లనివి తప్ప ఏదైనా తినమన్నారు. పథ్యం లేని మందేం మందని వంకాయ, చింతపండు నేనే మానేశాను. ఆ సంగతి చెబితే ఆవిడ వింతగా చూశారు.

రుమటాలజిస్ట్ కూడా అడిగారు, "ఎనీ అదర్ మెడిసిన్స్?" అని. లేవన్నాను. కషాయం మందెలా అవుతుంది? జలుబుకి మిరియాల కషాయం తాగితే డాక్టర్‌కి చెప్పుకుంటామా?

కొంత నొప్పి తగ్గింది. దేనివల్లో చెప్పలేను. నిజానికి నేను సూదుల కోసం వెళ్ళలేదు, చేయి పట్టుకునే ఆ కాసేపటి కోసం వెళ్ళేదాన్ని.

ఒకరోజు డాక్టర్ స్వయంగా ఫోన్ చేశారు. "లివర్ ఎంజైమ్స్ బాగా పెరిగాయి. మెథోట్రెక్సేట్ ఆపెయ్యండి. ఇంకేం తీసుకుంటున్నారు?"

అప్పుడు కషాయం సంగతి చెప్పాను. "అదీ మందే. రెండూ ఆపండి," అన్నారు.

రెండూ ఆపాక వాపు తిరగబడింది. ఒక్క వేలితో టైప్ చేశాను. "ఆర్ యూ ఓకే?" అని మేనేజర్ అడిగితే నవ్వాను. ఉద్యోగం పోతుందని ఒక భయం, మిసెస్ లిన్ ఇక రావద్దంటారని ఇంకో భయం. రెండోదే పెద్దది.

పొట్లాలు తీసుకుని వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. "నేను అడిగాను కదమ్మా. లేదన్నావు," అన్నారు. పొట్లాలు లాక్కుని చెత్తబుట్టలో పడేశారు. నేను లేవబోయాను.

"ఎక్కడికి? చేయి ఇలా ఇవ్వు," అన్నారు.

లివర్ మెల్లగా కోలుకుంది. డాక్టర్ బయొలాజిక్ అనే వేరే రకం మందుకి, ఇంజెక్షన్‌కి మార్చారు. ఆయనకు చెప్పే ఆవిడ దగ్గర సూదులు కొనసాగించాను. ఇప్పుడు తాళం ఒక్క చేత్తో తిరుగుతుంది, ఉద్యోగం నిలబడింది. మిసెస్ లిన్ క్లినిక్ మూసేసి కూతురి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళిపోయారు.

ఈ జబ్బున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో మింగేవి, తాగేవి అన్నీ, కషాయం పొడితో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళి బల్లమీద పెట్టండి. ఏది మందో ఏది కాదో వాళ్ళని తేల్చనివ్వండి.

నేనూ సంచి సర్దుకునే వెళ్తాను. వెయిటింగ్ రూమ్‌లో పిలుపు కోసం కూర్చున్నప్పుడు నా మణికట్టు మీద నేనే మూడు వేళ్ళు పెట్టుకుంటాను. నాడి చూడటం నాకు రాదు. అయినా కాసేపు తీయను.