బాపు బండి ఎక్కని తారు రోడ్డు

అప్పట్లో ఢిల్లీలో పెద్ద కుర్చీలో కూర్చున్న ఆ ముసలాయన గురించి ఇప్పుడు ఎవరైనా మంచిగా చెబితే నేను కాదనను. పల్లెలకు తారు రోడ్లు వేయించాడు. దంతాలపల్లి పక్కనున్న మా ఊరి నుంచి నా రెండో కాన్పుకు ఆటో బురదలో దిగబడకుండా మహబూబాబాద్ దవాఖానకు చేరిందంటే ఆ రోడ్డు వల్లనే. అయినా ఆయన మాటెత్తితే నాకు మా ఎడ్లే యాదికొస్తాయి.

మా బాపుది బండి కిరాయి బతుకు. ఊరి పత్తి, మిర్చి మా ఎడ్లబండి మీదే మార్కెట్‌కు పోయేవి. ఆ నాయకుడు ధర్మం తప్పని మనిషని, వాళ్ల పార్టీ తెలంగాణ ఇస్తామన్నదని బాపుకు ఆయనంటే ప్రాణం. రోడ్డు పని మొదలుకాగానే కిరాయి లేకుండా మొరం తోలాడు. అమ్మ కోప్పడితే, మన రోడ్డుకు మనమే కిరాయి అడుగుతమా అన్నాడు.

తారు ఆరినాక పత్తి బోరెలు వేసుకుని బయలుదేరాడు. నేను బోరెల మీద కూర్చున్నాను. ఊరి చివర రోడ్డు మేస్త్రీ అడ్డం వచ్చాడు.

"ఇనుప పట్టాల బండి తారు మీదికి ఎక్కొద్దే అన్నా. రోడ్డు ఖరాబైతది."

"గీ రోడ్డు కింద నేను పోసిన మొరమే ఉన్నది గదనే."

మేస్త్రీ తల వంచుకున్నాడు గానీ పక్కకు జరగలేదు.

పాత బండ్ల బాట ఆ రోడ్డు కిందే పోయింది. పత్తి ఆటోలెక్కింది. రబ్బరు టైర్ల బండి చేయించే తాహతు మాకు లేదు. ఎక్కడెక్కడో మూడు కొత్త రాష్ట్రాలు ఇచ్చారు, మాది ఇవ్వలేదు. ఎండాకాలం రాగానే బాపు ఎడ్లను అమ్మడానికి పశువుల అంగడికి తోలుకుపోయాడు. మా ఇంట్లో ఎడ్లను అమ్మినా పగ్గాలు అమ్మరు. ఆ రెండు పగ్గాలు భుజాన వేసుకుని నడిచొచ్చి, గోడకున్న ఆ నాయకుడి క్యాలెండర్ తీసేసి వాటిని అదే మేకుకు తగిలించాడు.

ఏళ్ల తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఊరంతా ఆ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేసింది. రోడ్డుకు అడ్డం ఏం పెడదామని అందరూ అనుకుంటుంటే, బాపు ఇంటికి పోయి పగ్గాలు తెచ్చాడు. ఎడ్లు పోయినాక ఇంటి ముందర మూలకు పడి ఉన్న బండికి కట్టి మనుషులమే లాగాం. ఇనుప పట్టాలు తారు మీద కరకరమన్నాయి. ఆ ముసలాయన రోడ్డు మంచిగనే వేయించిండు గద బాపూ అన్నాను.

"మంచిదే బిడ్డా. మనల్నే ఎక్కనియ్యలే."

పొద్దు వాలినాక బండిని ఇంటికి మళ్లించబోతే వద్దన్నాడు. ఆనాడు మేస్త్రీ ఆపిన చోటు దాటేదాకా లాగమన్నాడు. లాగాం.