దవడపన్ను గుర్తు చూపిన డాక్టరమ్మ

హిందూపురంలో పిల్లల డాక్టరమ్మ పోయారని పోయిన సోమవారం మా అమ్మాయి ధర్మవరం నుంచి ఫోన్ చేసి చెప్పింది. పెనుకొండలో ఈ ఇంట్లో ఆమె గురించి చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

నా మనవరాలు పుట్టినప్పటి నుంచి కుక్కపిల్ల వగర్చినట్టు ఊపిరి తీసేది. మధ్యలో ఆగేది. మెడ నిలబడలేదు, చూపు ఒకచోట ఆగలేదు. కాన్పులో గాలి అందక ఇట్లయిందని ఒకచోట రాసిచ్చారు. మా వదిన, అంటే మా అన్న భార్య, అమ్మాయికి అత్తగారు, వేరే మాట తేల్చింది: కడుపుతో ఉండి గ్రహణం రోజు కత్తిపీట ముట్టిందని. వీధంతా అదే అనింది. అమ్మాయి పేరంటాలకు పోవడం మానుకుంది.

హిందూపురం తీసుకుపోతే డాక్టరమ్మ వెంటనే మందు రాయలేదు. పాప చొక్కా విప్పి ఊపిరినే చాలాసేపు చూశారు. తలకు స్కాన్ తీయించారు. ఫిల్ములో ఒకచోట వేలు పెట్టి, "చూడవ్వా, దవడపన్ను మాదిరి లేదూ?" అన్నారు. చిన్నమెదడు నడిమి భాగం సరిగా ఏర్పడకపోతే అక్కడ ఆ ఆకారం కనిపిస్తుందట. జూబర్ట్ సిండ్రోమ్ అని పేరు. అంతటితో వదల్లేదు. అందులో రకాలున్నాయి, కొన్ని కళ్లను, కొన్ని మూత్రపిండాలను చెరుపుతాయి. రకం తేలితే దేన్ని కాపాడుకోవాలో తెలుస్తుందని తల్లిదండ్రులిద్దరి రక్తమూ, పాప రక్తమూ పరీక్షకు పంపారు.

మా వంశంలో ఇట్లాంటి బిడ్డ లేదని గట్టిగా చెప్పాను. ఆమె కాదనలేదు. నేను చెబుతుంటే మా మేనరికాలు కాగితం మీద గీశారు. అమ్మాయి గీత, అల్లుడి గీత మా నాయన దగ్గర కలిశాయి. అక్కడ పెన్ను ఆపి, నాకు మంచినీళ్లు తెప్పించారు.

మూత్రపిండాలను చెరిపే రకమని ఫలితం వచ్చాక ఒక ఆదివారం తానే ధర్మవరం వచ్చారు. మగ్గం పక్కన వదిన ఎదుట కూర్చుని, ఒకే లోపం తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం దాగి ఉందని, రెండూ బిడ్డలో కలిశాయని నిదానంగా చెప్పారు. వదిన మళ్లీ గ్రహణం ఎత్తింది.

"సరే పెద్దమ్మా, నీ కొడుకు రక్తంలో గూడా అదే ఉండాది. ఆయప్ప ఏం తరిగినాడు?"

"వీడా? ఉల్లిగడ్డ గూడా ఒలిచినోడు కాదు," అని వదిన గొణిగింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

బస్సెక్కించేటప్పుడు అడిగాను, జబ్బు తగ్గనప్పుడు ఇంత శ్రమ దేనికని.

"పేరు తెలిస్తే జబ్బు పోదవ్వా. నింద పోతాది."

ఏటా మూత్రపిండాల పరీక్షకు పోయినప్పుడు, పాపను చూసే ముందు తల్లిని "తిన్నావా?" అని అడిగేవారు. తినలేదంటే బయటికి పంపేవారు, తిని రమ్మని.

అమ్మాయి ఫోన్ చేసిన మూడో రోజు హిందూపురం పోయాను. క్లినిక్ తలుపు మూసి ఉంది. వరండా బల్ల మీద ఒక చిన్న వయసు తల్లి, ఒళ్లో బిడ్డ. అగళి నుంచి వచ్చిందట. డాక్టరమ్మ పోయిన సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"నా వల్లనే బిడ్డ ఇట్లుండాదంటాండారవ్వా మా ఇంట్లో. డాక్టరమ్మ ఎప్పుడొస్తాది?"

ఆమె పక్కన కూర్చున్నాను. స్కాన్ కవరు మడత పడకుండా నిలబెట్టి పట్టుకుని, ఆ పిల్ల తలుపు వైపే చూస్తూ ఉంది.