తాజా తట్టు లభించును

మా ఇంట్లోవాళ్ళకు తమిళనాడంటే విదేశం. ధర్మపురి వెళ్తున్నానని చెప్పగానే మా అమ్మ సీసాలకు సీసాలు ఆవకాయ సర్ది, "అక్కడ తిండి ఎలా ఉంటుందో ఏమో తల్లీ" అని కళ్ళొత్తుకుంది. తెనాలి నుంచి రాత్రి రైలెక్కితే మర్నాటికి చేరే ఊరది. నేనేం తక్కువ తిన్నానా! తరతరాలుగా అక్కడ ఉంటూ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాల పిల్లలకు తెలుగు అక్షరాలు రావని, వాళ్ళకు ఉచితంగా నేర్పే స్వచ్ఛంద సేవకని, భాషనంతా నేనే ఉద్ధరించబోతున్నట్టు ముఖం పెట్టి బయల్దేరాను.

ఆవకాయ సీసాల మూత కూడా తీయలేదు. కారణం బస్టాండు పక్క సందులో తోపుడు బండి పెట్టుకున్న ఒక అక్క. ఆమె అమ్మేది తట్టువడ సెట్టు. అరచేతిలో సగం ఉండే కరకరలాడే చెక్క, దాని మీద ఎర్ర చట్నీ, పచ్చ చట్నీ, తురిమిన క్యారెట్టు, బీట్‌రూటు, ఉల్లిపాయ, కాస్త నిమ్మరసం, పైన మూతలా ఇంకో చెక్క. మొదటిసారి నేను మర్యాదగా అంచు కొరికాను. లోపలిదంతా నా తెల్ల చుడీదారు మీద పడింది.

"కొరకొద్దు టీచర్. నోరు బాగా తెరిచి ఒకే తూరి లోపలికి తోసేయండి" అంది అక్క, తెలుగులోనే.

తోసేశాను. అబ్బ! ఆ కరకర, ఆ వెల్లుల్లి ఘాటు! ముక్కూ కళ్ళూ ఏకమై కారుతున్నా ఇంకో సెట్టు అడిగాను. ఆ తర్వాత క్లాసు అయ్యేదాకా ఆగడం కూడా నావల్ల కాలేదు. పిల్లలకు గుణింతాలు రాయమని పని పెట్టి బండి దగ్గరికి పరుగెత్తే టీచరును నేను.

ఒకనాడు అక్క తన కష్టం చెప్పుకుంది. సందులో బేరం తగ్గిపోయిందట. హొగేనక్కల్ జలపాతానికి పోయే బస్సులు టీకి ఆగేచోట ఆదివారం బండి పెట్టి చూస్తుందట.

"ఆ బస్సుల్లో ఆంధ్రావాళ్ళు రొంబ మంది వస్తారు. తెలుగులో బోర్డు ఉంటే నిలుస్తారు కదా టీచర్? అక్కడా బేరం కాకపోతే బండి అమ్మేసి కూలికి పోయేదే."

తెలుగు బోర్డు! నా జన్మ ధన్యమైపోయింది. రంగు డబ్బా కొనుక్కొచ్చి రేకు ముందేసుకుని కూర్చున్నాను. నా చేతిరాత మీద నాకున్న మురిపెం ఇంతా అంతా కాదు. వత్తులకు వంపులు తిప్పీ తిప్పీ రేకంతా నింపేసరికి వడకూ సెట్టుకూ చోటు చాల్లేదు. పోనీలే అనుకున్నాను. పూటపూటా తిని తిని, నా చెవికి తట్టు అంటే అదే తిండి అయిపోయింది. తెలుగు చదవడం రాని అక్క ఆ అక్షరాలను చూసి, "ఎంత అందంగా ఉండాయో" అని మురిసిపోయింది.

ఆదివారం పొద్దున బండికి బోర్డు తగిలించి అక్క పక్కనే నిలబడ్డాను. అనంతపురం వైపు నుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. దిగిన జనం బోర్డు చూసి దగ్గరికి వచ్చారు. ఒకాయన గట్టిగా చదివాడు: "తాజా తట్టు లభించును."

ఒక తల్లి చంకలో బిడ్డకు గబుక్కున కొంగు కప్పింది. "పదండి పదండి, బిడ్డకింకా టీకా కూడా వేయించలేదు" అంది. కొందరు పడీపడీ నవ్వారు. అందరూ బస్సు వైపు మళ్ళారు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఒళ్ళంతా ఎర్రగా పేలి జ్వరం వస్తే మా ఊళ్ళో ఏమంటాం? తట్టు అనే కదా! చిన్నప్పుడు నేనూ దాంతో మంచాన పడ్డదాన్నే.

"ఏమి రాసినారు టీచర్? ఎందుకు పోతా ఉండారు వాళ్ళు?" అక్క నా వైపు తిరిగింది. తెల్లారకముందే లేచి తురిమిన బీట్‌రూటు గిన్నె నిండా అలాగే ఉంది. నీళ్ళు నములుతూ సంగతి చెప్పాను.

"అయ్యో, దాన్ని మేము అమ్మై అంటాము! ఇది చేత్తో తట్టి చేసేది కదా, అందుకని తట్టువడ. తిండికి బోర్డు రాయమంటే జబ్బుకి రాసినారే!"

నాకు తల కొట్టేసినట్టయింది. జనం వెంట పడ్డాను. "అయ్యా, అది వ్యాధి కాదు! అదొక చిరుతిండి! దయచేసి నన్ను నమ్మండి!" కంగారులో నా నోట్లోంచి ఊడిపడిందంతా పాఠ్యపుస్తకమే. వాళ్ళు ఇంకాస్త వేగంగా నడిచారు.

వెనక నుంచి అక్క అరిచింది. "అన్నా! అమ్మా! యాడికి పోతారు? రాండి, మేమూ తెలుగోళ్ళమే! ఒకటి తిని చూడండి. బాగలేకుంటే నన్ను తిట్టి పోండి!"

బస్సు మెట్టు మీద కాలు పెట్టిన పెద్దాయన ఆగిపోయాడు. "అచ్చం మా పక్క మాట్లాడినట్టే ఉండాదే! ఏ ఊరు తల్లీ మీది?"

"ఈ ఊరే అన్నా. మా తాతల తాతలదీ ఈ ఊరే."

ఆయన దిగి వచ్చాడు. ఆయన వెనకే బస్సంతా వచ్చింది. ఒక సెట్టు తిన్నవాళ్ళు వరసలోంచి కదలకుండా ఇంకోటి అడిగారు. నాకు ఉల్లిపాయలు తరిగే పని పడింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను, నెపం ఉల్లిపాయల మీదికి నెట్టాను. చూస్తుండగానే బీట్‌రూటు గిన్నె ఖాళీ అయింది.

పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ పాప తమిళామె అనుకుంటా. పుస్తకాలు చూసి నేర్చుకున్నట్టుండాది గానీ, మన మాట బాగానే పట్టిందే!"

నాది తెనాలి అని చెప్పబోయాను. అక్క నాకంటే ముందే అందుకుంది.

"మా టీచర్ అన్నా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండారు."