పదిహేను నిమిషాల తెలివి

నాచారంలోని ఆ ప్రత్యేక బడిలో సైకాలజిస్టు తారామణి మేడంకు ఒకటే జబ్బు: ఎదుటి కుర్చీలో ఎవరు కూచున్నా తెలివి పరీక్ష పెట్టేస్తుంది. ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చినవాడు రంగు చెక్క ముక్కలతో కుస్తీ పట్టి, స్క్రూడ్రైవరు మరిచి పారిపోయాడు. తనిఖీకొచ్చిన అధికారి పిల్లలందరి ముందూ అంకెలు వెనక్కి చెప్పలేక "బీపీ పెరిగింది" అంటూ లేచాడు. "గీయన ఒప్పుకుంటేనే మన పోరగాళ్లకు తెలివున్నట్టట!" అని మేడం వరండా అదిరేలా అరిచింది.

అందుకే యూనివర్సిటీ పరిశోధకుడు ఉమామహేశ్వర్ ఆమె గుమ్మం బయటే నిలబడ్డాడు. అతను తెచ్చింది కొత్త పొట్టి పరీక్ష. రెండు గంటల పాత పరీక్ష చెప్పేదే ఇది పదిహేను నిమిషాల్లో చెబుతుందా లేదా అని, మేధో వైకల్యమున్న ఈ బడి పిల్లల మీద సరిచూడాలి. అది తేలకముందే యాజమాన్యం హుకుం జారీచేసింది: ఇందులో మార్కు తగ్గిన పిల్లలకు కుట్టుమిషను క్లాసు బంద్.

వరండాలోనే బల్ల వేసుకుని పరీక్ష మొదలుపెట్టాడు. పదిహేనేళ్ల త్రివేణికి సున్నా వచ్చింది.

"మొన్ననే నా జాకెట్టు కుట్టింది సారూ, సున్నా ఎట్లయితది?" అంది తల్లి మల్లవ్వ.

తారామణి భగ్గుమంది. "పిల్ల నోరు తెరిచిందా?"

"లేదు మేడం. జవాబు లేకపోతే సున్నా అని రూలు."

"నువ్వు సున్నా ఏసింది తెలివికి కాదు, భయానికి! పేదోళ్ల పిల్లల బతుకు తేల్చనీకి పదిహేను నిమిషాలు సాలా మీకు? గిట్ల కూసో!"

కూచున్నాడు. త్రివేణిని పక్కనే నిలబెట్టి, మేడం అభ్యాసానికిచ్చే బొమ్మ చూపించి, ముక్కలతో అలాగే పేర్చమని గడియారం నొక్కింది. "కానియ్ తమ్మీ, టైమైతుంది!"

రూళ్లన్నీ కంఠతా వచ్చిన ఉమామహేశ్వర్‌కు వేళ్లు తడబడ్డాయి. ఒక ముక్క దొర్లి కిందపడింది. పక్కన కిసుక్కున నవ్వు.

"సారుకు గూడ రాలే!"

పొద్దుట్నించీ త్రివేణి అన్న మొదటి మాట అది.

"గందుకే సారూ, పిల్లల ముంగట పెద్దోళ్లను కూసోవెడ్తది," అని గొణిగింది మల్లవ్వ. "మీకేమో తిట్లే ఇనవడ్తయి."

ఉమామహేశ్వర్ ఆ సున్నా కొట్టేశాడు. "ఇది చెల్లదు మేడం. యాజమాన్యానికి నేనే చెబుతా. మళ్లీ మొదలుపెడదాం."

త్రివేణి కూచుంది కానీ, ముక్కల దాకా వచ్చిన చెయ్యి వెనక్కి పోయింది.

"ఆగు, ముందుగాల నేను," అంటూ తారామణి వంగి ముక్కలు పేర్చింది. ఇరవయ్యేళ్లుగా ఈ పరీక్షలే పెడుతున్న మనిషి, బొమ్మను తలకిందులుగా పేర్చింది! తప్పని చెప్పబోయిన ఉమామహేశ్వర్‌ను మల్లవ్వ కళ్లతోనే ఆపింది.

త్రివేణి నెత్తి కొట్టుకుంది. "గింత గూడ రాదా మేడం? జరుగు!" అని ముక్కలన్నీ తన వైపు లాక్కుంది.