మిట్ట ఎక్కుతూ పదమూడో ఎక్కం

పొద్దున ఆరు గంటలకు డ్రిల్లు సారు ఎల్లస్వామి జేబుగడియారం పట్టుకొని నకిరేకల్ మంచినీళ్ల బావి మిట్ట మధ్యలో నిలబడేవాడు. కనబడ్డ ప్రతివాడి దమ్ము కొలవడం ఆయనకు జబ్బు. బడిలో పిల్లలు అయిపోయాక 1958 దసరా నుంచి ఊరి మీద పడ్డాడు. ఆయన కొలవకుండా ఆ మిట్ట ఎక్కినవి రెండు మేకలే.

చదువు వచ్చినవాళ్లు పదమూడో ఎక్కం చెబుతూ ఎక్కాలి. రానివాళ్లు చుట్టాల పేర్లు చెబుతూ ఎక్కాలి. మాట తెగిన చోట బండ మీద సుద్దగీత పడేది. హెడ్మాస్టరు రఘుపతి గారిది పదమూడు మూళ్ల దగ్గర తెగింది.

"దినాం బీడీలెన్ని సారు?" అని అడిగాడు ఎల్లస్వామి.

"ఒక్క కట్టనే."

"లోపట పొయ్యి పెట్టుకున్నరు. ఇగ గాలికి జాగేది?"

తాటిచెట్లు గీసే కాటమయ్య బతికున్న చుట్టాలను సగం మిట్టకే పూర్తిచేసి, చచ్చిపోయినవాళ్లను అందుకున్నాడు. సారు మురిసిపోయాడు. "సగం దమ్ము నాయిన ఇచ్చిండు, సగం చెట్టు ఇచ్చింది."

నర్సింగమ్మ కొత్తకోడలు యాదలక్ష్మి కూడా ఆ దారినే నీళ్లు మోసేది. పందొమ్మిదేళ్ల పిల్ల, ఆ దసరాకు నెల ముందే కాపురానికి వచ్చింది. బిందెబిందెకూ సారు ఆమెను మూడుచోట్ల ఆపేవాడు. ఒకరోజు సారు నన్ను ఆపి ఉండగానే నర్సింగమ్మ, నీళ్ల బిందెతో ఉన్న కోడల్ని వెంటబెట్టుకొని వచ్చింది.

"ఏం సారూ, బిందెడు నీళ్లకు గంట పడ్తాంది. అడిగితే సారు ఆపిండంటది. మొదలే పనిదొంగ. గీ అమాసకు అవ్వగారింటికి తోలుతున్న, మళ్ల తీస్కరాను."

"జర ఆ బిందె నువ్వెత్తుకో అక్కా. చుట్టాల పేర్లు చెప్పుకుంట ఎక్కు."

నర్సింగమ్మ వెనక్కి తగ్గే మనిషి కాదు. ఒక్కొక్క ఆడబిడ్డనూ పేరు పెట్టి, తిట్టు జోడించి, మాట తెగకుండా పైదాకా ఎక్కింది. వెనకే మేమూ ఎక్కాం.

"నీకెన్నేండ్లక్కా?"

"యాభై దాటినయి. అయితేంది?"

"నువ్వు తిట్టుకుంట ఎక్కినవు. గీ పిల్ల మూడు పేర్లకే కూలబడ్తాంది. పనిదొంగకు రొప్పు రాదు. గాలి పీలిస్తే సరిపోదక్కా, అది కాళ్లదాంక పోవాలె. మోసేది రక్తం. కన్నురెప్ప గుంజి చూడు."

నర్సింగమ్మ కోడలి కింది రెప్ప లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టుంది. తర్వాత తన రెప్ప లాగి నాకు చూపించి, ఎట్లుందని అడిగింది. ఎర్రగా ఉందన్నాను. బిందె తనే చంకనెత్తుకొని కోడల్ని ముందు నడవమంది.

అప్పుడు నాకు తట్టింది. యాదలక్ష్మిని ఆపినప్పుడు సారు ఒక్కసారి కూడా గడియారం చూసి ఎరగడు. ఆమె బిందె దించి కూర్చొనేది, ఆయన ఆకాశం చూసేవాడు.

"ముందే చెప్పొద్దా?" అన్నాను.

"మొగనికి రెండుసార్లు చెప్పిన. నాటకాలన్నడు."

"మరి మమ్ములనెందుకు ఆపినవు?"

"ఒక్క పిల్లనే ఆపితే ఊరు ఊకుంటదా?"

అమావాస్యకు యాదలక్ష్మి పుట్టింటికి పోలేదు. అత్త వెంట బస్సెక్కి నల్గొండ దవాఖానకు పోయింది. నాలుగు నెలలు ఇనుము గోలీలు మింగింది. వాటి మీద నర్సింగమ్మ దగ్గర కూర్చొని మరీ తినిపించిన నువ్వుల ముద్దలు.

ఉగాది తెల్లారి ఆమె నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో మిట్ట ఎక్కుతుంటే సారు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె వెనకాల వస్తున్న పదకొండు మందినీ గడియారం తీసి ఆపాడు.